వక్క పెట్టని ఇల్లు

తెల్లారి లేవగానే సిల్బీ చేయి పొయ్యి పక్క మూలకే వెళుతుంది. ముందు వక్కబుట్ట, తర్వాతే టీ. ఆ రోజు మూల ఖాళీగా ఉంది. బల్ల కింద చూసింది, బియ్యం డబ్బా వెనక చూసింది. బుట్ట లేదు. రేకుల మీద వాన దంచుతోంది. చెంగున ముడేసుకున్న ముక్కలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఒకటి సున్నం రాసిన ఆకుతో బుగ్గన పెట్టుకుంది. ఇంకోదాంట్లోంచి కాస్త కొరికి, వణుకుతూ లేచిన మనవరాలు దాపి నోట్లో పెట్టింది. చలికి పిల్ల ఒంట్లో వేడి పుట్టాలి కదా.

"రిదా! బుట్ట ఏదే?"

కూతురు రిదాహున్ పొయ్యి దగ్గర అన్నం మెదుపుతోంది. తలెత్తలేదు. ఆమె ఆఖరి సంతానం. మా ఖాసీ తెగలో ఇల్లూ, తల్లి బాధ్యతా ఆఖరి కూతురివే. కొన్ని నెలలుగా ఆమె వరస సిల్బీకి అంతుపట్టడం లేదు. ఎండుచేపల పచ్చడి ముట్టదు. మెతుకులు చిదుముకుని, అందరికీ వీపు పెట్టి తింటుంది. మాట కూడా పళ్ల మధ్య నుంచే వస్తోంది.

"మాట్లాడవేం? మొన్నటిదాకా నా పచ్చడి పడలేదు. ఇప్పుడు నా వక్క కూడా కంటగింపయిందా?"

"పారేశానమ్మా. వాగులో."

సిల్బీ నోట మాట రాకముందే గుమ్మంలో దగ్గు వినిపించింది. ఆమె అన్న కిన్సాయ్. ఈ ఇంట్లో ఏ పెద్ద విషయమైనా మేనమామ మాటతోనే తేలాలి. ఆయన గొడుగు మూలన పెట్టి పీట మీద కూర్చున్నాడు. రిదా టీ ఇచ్చింది. ఆయన కప్పు పట్టుకుని ఇంకా దేనికోసమో చూస్తున్నాడు. మా ఇళ్లలో వచ్చినవాడికి అన్నం పెట్టకపోయినా ఊరుకుంటారు గానీ వక్క పెట్టకపోతే తగాదా కిందే లెక్క.

"ఏమ్మా మేనకోడలా, నేను పరాయివాణ్ణయిపోయానా? మా అమ్మ ఉంటే ఇలా జరగనిచ్చేదా? దేవుడింట్లో వక్క తింటోంది, మహాతల్లి."

పోయినవాళ్ల గురించి మేమంతా అనే మాటే అది.

"దీనికి తిక్క పట్టిందన్నయ్యా! వాగులో పారేసిందట. నా పరువు కూడా అందులోనే కలిపేసింది."

"వక్కతో కాన్సర్ వస్తుంది మామయ్యా," అంది రిదా.

"వచ్చేది పొగాకుతో. ఈ ఇంట్లో పొగాకు ఎవరు ముట్టారే?" సిల్బీ గయ్యిమంది.

"పొగాకు అక్కర్లేదట. ఒట్టి వక్క చాలట. పరిశోధనల్లో మళ్లీ మళ్లీ అదే తేలిందని డాక్టరమ్మ చెప్పింది."

"వాళ్లకేం, రేపు మంచినీళ్లు కూడా తాగొద్దంటారు," అని నవ్వాడు కిన్సాయ్. "మా అమ్మ చివరిదాకా నమిలింది."

"చివర్లో అమ్మమ్మకి గంజి దిగేదా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. దిగేది కాదు. ఆ సంగతి అన్నాచెల్లెళ్లిద్దరికీ గుర్తుంది. ముసలితనం అనుకున్నారు. ఒక్కరూ ఆమె నోరు తెరిపించి చూసిన పాపాన పోలేదు.

"అయినా నువ్వెందుకు వెళ్లావే డాక్టరమ్మ దగ్గరికి?" సిల్బీ గొంతు తగ్గింది.

రిదా కిటికీ వెలుగులోకి వచ్చి నోరు తెరిచింది. తెరుచుకున్నది ఒక్క వేలు పట్టేంత. బుగ్గ లోపల తెల్లగా, బిగుసుకుపోయిన తోలులా ఉంది. దాని వెనక పచ్చి పుండు.

"ఎంత లాగినా ఇంతేనమ్మా. కారం తగిలితే ప్రాణం పోతోంది. పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. నిన్న చెప్పారు. అదేనట. బుగ్గ కోయాలట."

సిల్బీ పొయ్యి పక్కన నేల మీద కూర్చుంది. పచ్చడి నచ్చకే తినడం లేదనుకుని ఇన్నాళ్లూ ఎన్ని మాటలంది! పొగరన్నది, పట్నం చూసొచ్చిన టెక్కన్నది. చంటిదిగా ఉన్నప్పుడు చలికి ఏడిస్తే ఆ నోట్లో మొదటి ముక్క మెత్తగా నమిలి పెట్టింది తనే.

"నేనే పెట్టానే తల్లీ! నా చేత్తో నేనే పెట్టాను!"

"తెలిసి పెట్టావా అమ్మా?" రిదా తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. ఇన్ని నెలలు దాచుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "నాకు దేవుడింట్లో వక్క తినాలని లేదమ్మా. నా దాపి ఇంకా పసిది."

ఆ పేరు వినగానే సిల్బీ ఉలిక్కిపడింది. గుమ్మం దగ్గర దాపి ఆడుకుంటోంది. పెదాలు ఎర్రగా ఉన్నాయి. సిల్బీ పరుగున వెళ్లి ఆ నోట్లో వేలు పెట్టి తడిమింది. పిల్ల ఏడ్చింది, కొరికింది. సిల్బీ వదల్లేదు. చివరి నలుసు దాకా తీసి, నీళ్లతో పుక్కిలింపజేసింది. తన బుగ్గనున్నది వానలోకి ఉమ్మేసింది.

కిన్సాయ్ జేబులోంచి తన పొట్లం తీసి పొయ్యిలో వేశాడు. "ఆసుపత్రికి నేనూ వస్తానమ్మా," అన్నాడు.

సిల్బీ మెదిపిన అన్నంలో గోరువెచ్చటి నీళ్లు పోసి, కారం తగలకుండా కలిపింది. కూతురి ఎదురుగా కూర్చుని చెంచా నోటిదాకా తీసుకెళ్లింది. చెంచా పట్టలేదు. పక్కకి తిప్పి చూసింది. అయినా పట్టలేదు. లేచి వెళ్లి, దాపికి పాలబువ్వ పెట్టిన బుల్లి చెంచా వెతికి తెచ్చింది.