మూడు రాత్రుల డోలు

ఆ మఠం వెనక సమాధుల మండపం వైపు పొద్దు వాలాక ఎవరూ అడుగు పెట్టరు. రాతిపలకల కింద నుంచి ఎవరో తడతారని ప్రతీతి... ఆ చప్పుడు చెవిన పడ్డవాడు ఏడాది తిరక్కుండా పోతాడట.

తట్టేది తొలిస్వామి అని చెబుతారు. ఆనాటి రాజుకు పట్టం కట్టిందీ ఆయనే, దింపేస్తానని బెదిరించిందీ ఆయనే. ఆ మాట అన్న కొన్నాళ్లకే ఆయన 'తనంతట తాను' సమాధిలో కూర్చున్నారు. వెంటనే రాజు ఒక కట్టడి చేశాడు — ఏ స్వామిని సమాధి చేసినా మూడు రాత్రులు ఎడతెగకుండా డోలు మోగాలి. అందుకు డోలువాళ్లకు మాన్యాలిచ్చాడు. రాజ్యం పోయింది, మాన్యాలూ డోలూ మిగిలాయి.

మన కథలోని మాస్టారు చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఎవరైనా దెయ్యం మాటెత్తితే "సాక్ష్యం ఏదీ?" అనేవారు. ఆ డోలు గురువుకు రాజు చేసిన గౌరవమని సభల్లో ఎన్నోసార్లు చెప్పారు కూడా. మఠం స్వామి ఆయన సొంత అన్నగారే. కానీ కాషాయం కట్టిన నాటి నుంచీ తమ్ముణ్ణి "మాస్టారూ" అనే పిలిచారు. సన్యాసికి తమ్ముడెక్కడిది!

ఆ సాయంత్రం స్వామివారు పూజలో కూర్చున్నట్టే ఒరిగిపోయారు. శిష్యులు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు... అంతే. స్వామి ఒంటి మీద వైద్యుడి చెయ్యి పడకూడదు. దీపాలు పెట్టేలోపే గోతిలో కూర్చోబెట్టి పలక మూసేశారు. రాజవంశం వారసుడు వచ్చి పట్టశిష్యుడైన చిన్నస్వామికి పీఠం అప్పగించి వెళ్లాడు.

కబురంది మాస్టారు చేరేసరికి కడచూపు కూడా దక్కలేదు. అందుకే ఆ రాత్రి మండపంలోనే కూర్చున్నారు.

"లోపలికెళ్లి పడుకోండి మాస్టారూ," అన్నాడు పెద్ద డోలువాడు. "దెయ్యానికి కూడా పాఠం చెప్తారా ఏంటి?"

"రానీ, హాజరు వేసుకుంటా. నువ్వు వాయించు."

నడిరేయి దాటాక డోలు తోలు సడలింది. తాళ్లు బిగించడానికి ఆపారు...

టక్... టక్...

డోలువాళ్ల ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. "తొలిస్వామి!" పెద్దవాడు గుసగుసగా అన్నాడు. "చెవులు మూసుకోండి... తాళ్లు లాగండ్రా, తొందరగా!"

మాస్టారికి నవ్వొచ్చింది. పగలంతా కాగిన రాయి చల్లబడుతోంది, ఇందులో వింతేముంది? నిరూపించి చూపుదామని వంగి పలకకు చెవి ఆనించారు.

"తమ్ముడూ..."

సన్నగా, గాలి తీసిన గొంతు.

"...ఊపిరాడట్లేదురా."

తొలిస్వామికి తను తమ్ముడు కాడు!

రాజు అన్ని మాన్యాలు ఎందుకిచ్చాడో మాస్టారికి అప్పుడు తెలిసింది.

"గునపం! గునపం తెండి! అన్నయ్య బతికే ఉన్నాడు!"

ఎవరూ కదల్లేదు. "పట్టేసింది... మాస్టార్ని పట్టేసింది," అంటూ వెనక్కి జరిగారు. ఆయన గోళ్లతో పలక అంచు పట్టి లాగారు. పదిమంది మోసి తెచ్చిన రాయి — వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

డోలు ఆగేసరికి చిన్నస్వామి వచ్చారు. మాస్టారు ఆయన కాళ్ల మీద పడ్డారు.

"మీ గురువుగారు స్వామీ... లోపల ప్రాణంతో ఉన్నారు. మీ మాటైతే వీళ్లు వింటారు. ముందు మీరు వినండి... ఒక్కసారి వినండి!"

చిన్నస్వామి మోకాళ్ల మీద వంగి పలకకు చెవి ఆనించారు.

టక్...

"నాయనా... నువ్వేనా?"

చాలాసేపు విన్నారు. కళ్లు చెమర్చాయి. మెల్లగా లేచి, పలక మీది దుమ్ము అంటిన చెంపను తుడుచుకున్నారు.

"పాపం, మాస్టారికి అన్నగారంటే ప్రాణం," అన్నారు. "జాగ్రత్తగా పట్టుకుని గదిలోకి తీసుకెళ్లండి."

తరవాత డోలువాళ్ల వైపు తిరిగి, ఎంతో ఆప్యాయంగా —

"ఆపారేం? వాయించండి... ఇంకాస్త గట్టిగా."