నానమ్మ కోసం వచ్చే అబ్బాయి

తడిసిన గొడుగును ఎక్కడ ఆరబెట్టాలన్న విషయం మీద ఆ బుధవారం సాయంత్రం నాలుగో అంతస్తులోని ఆ ఇంట్లో అరగంట సేపు యుద్ధం జరిగింది.

"బాల్కనీలో పెడతాను," అంది మనవరాలు, గొడుగు పిడి పట్టుకుని.

"గాలికి ఎగిరిపోతుంది. నా గదిలో పెట్టు," అంది నానమ్మ, గొడుగు కొస పట్టుకుని.

"గదంతా నీళ్ళవుతుంది నానమ్మా."

"నా గది, నా నీళ్ళు. అయినా అది నా కోసం వచ్చినవాడి గొడుగు. మధ్యలో నీకెందుకే అంత ఆరాటం?"

"నాకేం ఆరాటం! నేల పాడవుతుందని."

ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. అమ్మ వెళ్ళి తలుపు తీసింది. "సారీ అండి, గొడుగు మర్చిపోయాను," అన్నాడు ఆ అబ్బాయి. వెనకాల మెట్ల కిటికీలోంచి వాన జోరుగా కనపడుతోంది.

"ఇంకా ఆరలేదు," అన్నారు నానమ్మా మనవరాలూ ఒక్కసారే. ఇద్దరూ గొడుగు వదల్లేదు.

అతను వాళ్ళనీ, గొడుగునీ, వాననీ వరసగా చూశాడు. "సరే అండి. ఆరాకే తీసుకెళ్తాను," అని తడుస్తూ వెళ్ళిపోయాడు.

ఆ అబ్బాయి లిఫ్టులు బాగుచేస్తాడు. చర్చి సంఘంలో అందరూ లిఫ్టబ్బాయి అంటారు. మనవరాలు కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. ఏ పని అప్పగించినా గడువుకు రెండు రోజుల ముందే ముగించి, పక్కవాళ్ళది ఎంతవరకూ వచ్చిందని ఆరా తీసే మనిషి కాబట్టి ఆమెకు టైమ్‌టేబుల్ అని పేరు పడిపోయింది.

గొడుగు గొడవకు కొన్ని వారాల ముందు ఇద్దరూ మొదటిసారి మాట్లాడుకున్నది చర్చిలో, ఒక కుర్చీ గురించి.

"అది మా నానమ్మ కుర్చీ. కాస్త లేస్తారా?"

"పేరేం రాసి లేదే?"

"పదకొండేళ్ళుగా అక్కడే కూర్చుంటుంది."

"ప్రార్థనకొచ్చి కుర్చీ కోసం పోట్లాడుకునే సంఘం! నాకు నచ్చిందండి. చేరిపోతాను." నిజంగానే చేరిపోయాడు. టైమ్‌టేబుల్ ఆ వారమంతా సిగ్గుతో చచ్చిపోయింది.

ఆ పై ఆదివారమే పాస్టర్ అయ్యగారు చీటీల డబ్బా తెచ్చారు. "ఒకరినొకరు ప్రేమించుకోమని నేను ఏళ్ళ తరబడి చెప్తున్నాను, మీరు ఏళ్ళ తరబడి తలలూపుతున్నారు. ఊపింది చాలు. క్రీస్తు శిష్యులమని చెప్పుకుంటే సరిపోదు, కనపడాలి. ఆరు వారాలు. తలా ఒక చీటీ. అందులో ఎవరి పేరుంటే వాళ్ళని చేతల్లో ప్రేమించాలి. ప్రతి శుక్రవారం నాకు రిపోర్ట్ రాసివ్వాలి."

మొదటి వారానికే సంఘం అతలాకుతలమైంది. పళ్ళ డాక్టరు గారి చీటీలో వాచ్‌మన్ పేరు వచ్చింది. ఆయనకు తెలిసిన ప్రేమ ఒక్కటే కనక, బాగున్న పన్నయినా సరే ఉచితంగా పీకి పెడతానని వెంటపడ్డాడు. వాచ్‌మన్ నోటికి రుమాలు కట్టుకుని తిరగసాగాడు. ఇద్దరు సంఘపెద్దలకు ఒకరి పేరు ఒకరికి వచ్చింది. చర్చి గుమ్మంలో "ముందు మీరు," "అబ్బే, ముందు మీరు," అంటూ వాళ్ళు ఇరవై నిమిషాలు నిలబడితే, వెనకున్న నలభై మందీ వానలో తడిశారు. ఎప్పుడూ శ్రుతి తప్పే పెద్దాయన్ని ప్రేమించాల్సి వచ్చిన ఆర్గన్ అమ్మాయి, ఆయన ఎటు తప్పితే అటే వాయించడం మొదలుపెట్టింది. ఆమె వెంట క్వైరంతా తప్పింది. శుక్రవారం రిపోర్టులు చదివే ముందు అయ్యగారు తలనొప్పి మాత్ర వేసుకునేవారు.

లిఫ్టబ్బాయికి నానమ్మ వచ్చింది.

నానమ్మ పేరు రాకూడదని మోకరించి వేడుకున్నవాళ్ళు సంఘంలో కనీసం పదిమంది ఉంటారు. పలకరిస్తే "ఉన్నానో పోయానో చూద్దామని వచ్చావా?" అనేది. పలకరించకపోతే ఇంకా పెద్ద మాట అనేది. మొదటిరోజు అతను ఆపిల్ పళ్ళు తెస్తే, తలుపు సందులోంచి పళ్ళు తీసుకుని తలుపేసేసింది. రెండోరోజు లూడో బోర్డు తెచ్చాడు. తలుపు తెరుచుకుంది.

"నానమ్మగారూ, నాలుగు పడితే ఆరు గళ్ళు నడిచారు."

"నాకు చూపు ఆనదు బాబూ."

"ఇందాక నా చొక్కా మీద గ్రీజు మరక గుమ్మంలోంచే కనపడింది కదండీ. కాయ వెనక్కి పెట్టండి."

ఇంట్లో అందరూ పెద్దావిడ కదా అని ఆమె తొండిని చూసీ చూడనట్టు ఓడిపోయేవారు. ఇతనొక్కడే ఓడలేదు. నానమ్మ బోర్డు ఎత్తి గిరాటేసింది. మర్నాడు ఐదున్నరకల్లా తల దువ్వుకుని కుర్చీలో కూర్చుంది.

అలా రోజూ ఐదున్నరకి అతను రావడం, టైమ్‌టేబుల్ టీ పెట్టివ్వడం, అతను బోర్డు మీంచి తలెత్తకుండా "థాంక్సండి," అనడం. ఇరవై ఆరేళ్ళ పిల్ల డెబ్బై తొమ్మిదేళ్ళ నానమ్మ మీద అసూయతో కప్పులు కడిగేది.

దానికి తోడు ఆమె చీటీలో ఉన్నది లిఫ్టబ్బాయి పేరే. అందరికంటే ముందు పని ముగించే మనిషి ఐదు వారాలపాటు ఏమీ చేయలేదు. ప్రతి శుక్రవారం "ప్రార్థిస్తున్నాను అయ్యగారూ," అని ఒకే వాక్యం రాసిచ్చింది.

ఆరో వారం సోమవారం ఇక తప్పదని, కళ్ళు పరీక్ష చేస్తానంటూ అతన్ని షాపుకి పిలిచింది.

"నా కళ్ళకేమీ లేదండి. పదో అంతస్తులో బోల్టు వదులైతే కిందనుంచే కనపడుతుంది."

"దగ్గరివి కనపడుతున్నాయో లేదో చూస్తాను. కూర్చోండి."

లైటు ఆర్పింది. పరీక్ష ఫ్రేమును అతని ముక్కు మీద పెట్టి, ఒక అద్దం తీసి ఇంకోటి వేసింది. "ఇది బాగుందా? ఇదా?"

"రెండూ ఒకటేనండి."

"సరిగ్గా చూడండి."

"మీరే కనపడుతున్నారు. అక్షరాలకు అడ్డంగా నిలబడ్డారు."

ఆమె పక్కకు జరగలేదు. "మా ఇంటికి నానమ్మ కోసమే వస్తున్నారా?"

"మొదటి వారం చీటీ కోసం వచ్చాను. రెండో వారం ఆవిడ తొండి పట్టుకోడానికి వచ్చాను. ఆ తర్వాత... రాకపోతే నాకు తోచడం లేదు." అతను ఆగాడు. "ఇంతకీ ఈ పరీక్ష ఎందుకండీ? శుక్రవారం రిపోర్ట్ కోసం కాదు కదా?"

అబద్ధం ఆడాలని ఆమె ఎంతో ప్రయత్నించింది. నోరు రాలేదు. "నా చీటీలో మీ పేరు వచ్చింది."

అతను ఫ్రేము తీసి బల్ల మీద పెట్టాడు. "ఐదు వారాలు గుర్తురానివాణ్ణి గడువు దగ్గరపడేసరికి గుర్తొచ్చానన్నమాట. ఎవరినైనా ప్రేమించండి గానీ, నన్ను మాత్రం పని తెమిలిపోవాలని ప్రేమించకండి."

"మీరు మా నానమ్మకు చేస్తున్నదేంటి మరి? అదీ చీటీయేగా!"

అతను లేచి, లైటు వేసి, వెళ్ళిపోయాడు.

మంగళవారం రాలేదు. బుధవారం రాలేదు. గురువారం ఐదున్నరకి నానమ్మ లూడో బోర్డు పరిచి, తన కాయలూ అతని కాయలూ కూడా సర్ది, ఆరుంపావు దాకా గుమ్మం వైపు చూసింది.

"ఏమన్నావే వాణ్ణి?"

టైమ్‌టేబుల్ అంతా చెప్పేసింది, ఒక్క చీటీ సంగతే కాదు, అసూయ సంగతి కూడా.

"డ్యూటీ అయితే ఏంటట?" అంది నానమ్మ. "ఒకరినొకరు ప్రేమించమని ప్రభువు ఆజ్ఞగానే ఇచ్చాడు, వీలుంటే చూడండి అనలేదు. డ్యూటీ మీద కాకపోతే నా మొహం చూసి ఎవడొస్తాడే?" ఆమె అతని కాయ ఒకటి తీసి, మళ్ళీ అదే గడిలో పెట్టింది. "ఆదివారంతో ఆరు వారాలూ అయిపోతాయి. ఆ తర్వాత వాడెందుకొస్తాడు?"

మనవరాలు చున్నీతో కళ్ళు తుడుచుకుంది. నానమ్మ భయపడటం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏడవకు. చెప్పులేసుకో," అంది నానమ్మ, బోర్డు చంకన పెట్టుకుంటూ.

ఇద్దరూ లిఫ్టెక్కారు. నాలుగుకీ మూడుకీ మధ్యకు రాగానే నానమ్మ ఎర్ర బటన్ నొక్కింది. లిఫ్టు ఒక కుదుపుతో ఆగిపోయింది.

"నానమ్మా! ఏం చేశావ్?"

"పన్ను నొస్తేగాని పళ్ళ డాక్టరు రాడు. లిఫ్టు ఆగితేగాని లిఫ్టబ్బాయి రాడు. ఎర్ర కాయలు నావి."

గోల విని చుట్టుపక్కలవాళ్ళు పోగయ్యారు. కింది అంతస్తులో ఉండే ఇద్దరు సంఘపెద్దలు మెట్లెక్కి వచ్చారు. "మెకానిక్‌కు మీరు ఫోన్ చేయండి," "అబ్బే, ఆ భాగ్యం మీకే," అనుకుంటూ ఉండగా, అమ్మ విసుక్కుని తనే చేసింది.

ఇరవై నిమిషాల్లో లిఫ్టబ్బాయి వచ్చాడు. నాలుగో అంతస్తు బయటి తలుపు తెరిచి, నేలమీద బోర్లా పడుకుని, సందులోంచి టార్చి వేశాడు. "నానమ్మగారూ, బటన్ నొక్కారా?"

"దానంతటదే ఆగింది."

"నాలుగు పడితే ఆరు నడిచినట్టా?"

నానమ్మ మనవరాలి డొక్కలో పొడిచింది. "చెప్పవే."

"ఇక్కడా? అందరూ వింటున్నారు."

"మేమేం వినడం లేదమ్మా," అన్నారు పైనుంచి సంఘపెద్దలిద్దరూ, మొదటిసారి వంతులు పోకుండా.

టైమ్‌టేబుల్ టార్చి వెలుగులోకి మొహమెత్తింది. "ఏ పనైనా నేను ముందే చేసేస్తానని మీకు తెలుసు. మీరు కూడా ఒక పనే అయ్యుంటే, మొదటి వారమే కేకు చేసి పంపి, టిక్కు పెట్టేసి హాయిగా ఉండేదాన్ని. రెండుసార్లు చేశాను కూడా. రెండుసార్లూ పంపలేక మేమే తిన్నాం."

"ఎందుకండీ?"

"టిక్కు పెడితే అయిపోతుందని."

టార్చి అతని చేతిలోంచి జారి లిఫ్టు లోపల నేల మీద టంగుమని పడి ఆరిపోయింది.

"నేను నానమ్మగారి కోసమే వచ్చేవాణ్ణండి," అంది చీకట్లోంచి అతని గొంతు. "అది నిజం." నానమ్మ గర్వంగా తల ఎగరేసింది. "కానీ గుమ్మం ముందు మీ చెప్పులు లేకపోతే మళ్ళీ కిందికెళ్ళి, మీరొచ్చేదాకా లిఫ్టు తలుపులు తుడుస్తూ కూర్చునేవాణ్ణి. ఇంత తళతళలాడే లిఫ్టు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. ఎప్పుడూ గమనించలేదా?"

"మరి మూడు రోజులు రాలేదేం?"

"షాపులో మీరన్న మాట నిజమే కదా. చీటీ మీద వచ్చినవాణ్ణి, నానమ్మగారి దగ్గరికి ఏ మొహంతో రావాలో తెలియలేదు."

"ఉన్న మొహంతోనే రా!" అని అరిచింది నానమ్మ. "నేను ఈ మొహంతోనే బతుకుతున్నానా లేదా? ముందు పాచిక వెయ్యి. నీ వంతు."

ఆదివారం ఆరాధన చివర్లో పాస్టర్ అయ్యగారు చీటీల డబ్బాను కింద పెట్టి, ఇకమీద చీటీలు లేకుండా ప్రేమించుకోమనీ, రిపోర్టులు మాత్రం ఎవరూ తేవద్దనీ చేతులు జోడించి వేడుకున్నారు. వాచ్‌మన్ అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

ఆ మధ్యాహ్నం లిఫ్టబ్బాయి వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాడు. సూపు వడ్డించారు. నాన్న బస్సు డ్రైవరు. ఇంట్లో జరిగే ఏ సంగతైనా ఆయనకు రెండు స్టాపుల తర్వాతే తెలుస్తుంది.

"ఆరు వారాలూ అయిపోయాయి కదా బాబూ," అన్నాడాయన, రొట్టె తుంచుతూ, మామూలుగానే. "ఇవాళేం పని మీద వచ్చావ్?"

బల్ల చుట్టూ చెంచాలన్నీ ఆగాయి. నానమ్మ పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. లిఫ్టబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి.

టైమ్‌టేబుల్ చెంచా కింద పెట్టింది. "పని మీద కాదు నాన్నా. మేమిద్దరం పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాం."

నాన్నకు సూపు పొలమారింది. అమ్మ ఆయన నెత్తిమీద తట్టింది. ఎందుకో ఆమె అంతగా ఆశ్చర్యపోలేదు.

నానమ్మ చెంచాతో గ్లాసు మీద టకటక కొట్టింది. "ముందు నన్నడగాలి. వాడు ముందొచ్చింది నా కోసం. ఎలాగూ అడగరని తెలిసి నేనే ఆలోచించి పెట్టాను. అందరూ వినండి. పెళ్ళికి ఒప్పుకుంటున్నాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా వీడు నాకు. శనివారం దానికి."

"నానమ్మా! పెళ్ళి చేసుకునేది నేను!"

"అందుకే కదే శనివారం మొత్తం ఇచ్చాను. పెళ్ళి ఒక్క పూటలో అయిపోతుంది."

"మరి ఆదివారం, అత్తయ్యా?" అంది అమ్మ.

"ఆదివారం సంఘానికి. పాపం, ఆ పళ్ళ డాక్టరుకైనా ఎవరో ఒకరు కావాలిగా."

లిఫ్టబ్బాయి దవడ పట్టుకుని అందరి మొహాలూ చూశాడు. "మధ్యలో నన్నెవరూ అడగరాండీ?"

"నువ్వు తిను," అన్నారు నలుగురూ ఒక్కసారే. నానమ్మ తన పళ్ళెంలోని రొట్టె తీసి అతని పళ్ళెంలో వేసింది.