పన్నెండు కాగానే ఒంటిగంట

నేను చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం అబద్ధమున్నా ఈ సౌతాంప్టన్ రేవు రేవంతా లేచొచ్చి నా నెత్తిన పడాలి. నిజం తప్ప నా నోట్లో ఇంకోటి నిలవదు, చిన్నప్పట్నుంచీ అదే జబ్బు. నాకిప్పుడు నూటారేళ్ళు. నమ్మవు కదూ? ఎవరూ నమ్మరు. సరే, డెబ్భై నాలుగనుకో, నీ ఇష్టం.

ముందా టీ పుచ్చుకో. చల్లారిపోతుందని కంగారేం పడక్కర్లేదు, నింపాదిగా తాగు. వచ్చే మంగళవారం న్యూయార్క్ ఓడెక్కుతున్నావని విన్నాను. రావడం కూడా ఓడలోనేనట. విమానంలో ఒక కునుకు తీసేలోగా దిగిపోయే దూరానికి వారం రోజులు ఖర్చుపెట్టే పిచ్చిది ఇంకా భూమ్మీద మిగిలుందని తెలిసి నా కడుపు నిండిపోయిందమ్మాయ్. అందుకే పిలిపించాను. హెస్టర్ వోక్స్ సంగతి నీకు చెప్పాలి.

హెస్టర్‌ది ఇక్కడే, నార్తమ్‌లో. ఆమె పనిచేసిన ఓడ పేరు ఎలినోరా. ఎంత పెద్ద ఓడంటే, ముందు కొసన పొద్దున్నే ఒక రొట్టె ముక్క కొరికి నడక మొదలుపెడితే వెనక కొసకి చేరేసరికి రాత్రి భోజనం వేళయ్యేది. దాని వంటింట్లో సూపు కాగే గంగాళంలో వంటవాడు చిన్న పడవేసుకుని తిరుగుతూ ఉప్పు చల్లేవాడు. భోజనాలశాలలో అద్దాలు ఎంతగా తుడిచేవాళ్ళంటే దొరసానులు అందులో తమ ముసలితనాన్ని రెండేళ్ళు ముందుగానే చూసుకుని హడిలిపోయేవాళ్ళు. ఆ రోజుల్లో సముద్రం దాటడమంటే అదీ! పైమేడ మీద కాళ్ళు చాపుకుని కుర్చీలో పడుకుంటే, పదకొండింటికి మాంసం చారు తెచ్చి చేతికిచ్చి, ఒళ్ళో కంబళి కప్పి, "ఇంకేం కావాలండీ?" అనేవాళ్ళు. ఇంకేం కావాలి మనిషికి?

హెస్టర్ పని స్టూవర్డెస్. అంటే గదుల్లో దిగిన ఆడవాళ్ళని కనిపెట్టుకుని ఉండటం. రెండో అంతస్తు వరండా చివర చిన్న టీ గది ఉండేది. దాని గోడకి ఒక బోర్డు. గదిలో ఎవరైనా మీట నొక్కితే గంట మోగి, బోర్డు మీద ఆ గది నంబరు బిళ్ళ టక్కున కిందికి పడేది. ఆ బోర్డు దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండి తీరాలి. డ్యూటీ మారేటప్పుడు వెళ్ళేది తాళాల గుత్తి చేతికిచ్చి "బోర్డు నీది" అనాలి. వచ్చింది గుత్తి పట్టుకుని "బోర్డు నాది" అనాలి. ఆ రెండు మాటలూ పడితేగానీ ఎవరూ కదలకూడదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది, అసలు సంగతంతా దాంట్లోనే ఉంది. అమెరికాకి వెళ్ళేటప్పుడు రోజూ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ గంట అదనం, హాయిగా నిద్రపోవచ్చు. ఇటు తిరిగొచ్చేటప్పుడు తీసుకున్నదంతా తిరిగిచ్చెయ్యాలి కదా. రోజూ మధ్యాహ్నం పన్నెండుకి ఓడ కూత వేస్తుంది. ఆ మరుక్షణం ఓడలో ఉన్న గడియారాలన్నీ ఒంటిగంట చూపిస్తాయి. పన్నెండు కాగానే ఒంటిగంట. మధ్యలో గంట ఏమైందని ఏ ప్రయాణికుడూ అడగడు. మా పనివాళ్ళూ అడిగేవాళ్ళు కాదు గానీ, జాగ్రత్తపడేవాళ్ళు. కూత పడ్డాక ముల్లు ఒంటిగంట మీదికి వెళ్ళేదాకా ఏ పిలుపుకీ "వస్తున్నా" అనకూడదు. అంతే. ఎందుకని అడిగితే పాతవాళ్ళు మాట మార్చేసేవాళ్ళు.

హెస్టర్‌కి ఒక చెల్లెలు, లాటీ. అదీ స్టూవర్డెస్సే. 1931 వేసవిలో తిరుగు ప్రయాణం. అప్పటికి హెస్టర్‌కి ఇరవై ఏడు, లాటీకి ఇరవై నాలుగు. బోర్డు హెస్టర్‌ది. పన్నెండుకి ఇంకా పది నిమిషాలుంది. పైమేడ మీద కుర్చీలు వేసే పర్సీ టిల్లర్ తలుపులోంచి తల దూర్చి, "హెస్టర్, డాల్ఫిన్లు! ముప్ఫై ఉన్నాయి, రా!" అన్నాడు. డాల్ఫిన్లూ లేవు, వాటి తాతా లేడు. అది పర్సీకీ తెలుసు, హెస్టర్‌కీ తెలుసు.

"లాటీ, ఐదు నిమిషాలు చూడవే. బోర్డు నీది."

"నాకు తెలుసులే నీ డాల్ఫిన్ ఎవరో! మీసాలున్న డాల్ఫిన్!" అంటూ లాటీ తాళాలందుకుంది. "బోర్డు నాది. ఐదు నిమిషాలే కదా అక్కా?"

"కూత పడేలోగా వచ్చేస్తా."

రాలేదు. పర్సీ ఏం చెప్పి నవ్వించాడో ఏమో, కూత పడ్డాకగానీ ఆమెకి బోర్డు గుర్తురాలేదు. మెట్లమీంచి పరుగెత్తుకొచ్చేసరికి టీ గది ఖాళీ. బోర్డు మీద నలభై ఏడో నంబరు బిళ్ళ కిందికి పడి ఊగుతోంది. ఒక ట్రే లేదు. ఒక కప్పు లేదు. లాటీ లేదు.

మూడు రోజులు వెతికారు. సముద్రంలో పడిపోయిందని కెప్టెన్ కాగితం మీద రాశాడు. "చేతిలో ట్రే పట్టుకుని, టీ ఒలక్కుండా పడిపోయిందా?" అని హెస్టర్ అడిగింది. లాటీ గంట విని వెళ్ళింది... గంటలోనే ఉండిపోయింది. హెస్టర్‌కి అది ఆ క్షణమే తెలిసిపోయింది.

అప్పట్నుంచీ ముప్ఫై రెండేళ్ళు. యుద్ధకాలంలో తప్ప ఆమె ఆ ఓడ విడిచిపెట్టలేదు. పర్సీ పదమూడుసార్లు పెళ్ళి మాటెత్తితే పదమూడుసార్లూ మొహమ్మీదే తలుపేసింది. ప్రతి తిరుగు ప్రయాణంలో, ప్రతి మధ్యాహ్నం, ఆ బోర్డు ముందు నిలబడేది. నలభై ఏడు సరిగ్గా కూత వేళకి ఒక్కసారీ మోగలేదు.

ఇంతలో విమానాలొచ్చాయి. పొద్దున లండన్‌లో పళ్ళు తోముకుని సాయంత్రానికి న్యూయార్క్‌లో భోంచెయ్యొచ్చన్నారు. జనం అటు ఎగబడ్డారు. ఎలినోరాలో సగం గదులకి తాళాలు పడ్డాయి. వెయ్యి మందికి వండే వంటింట్లో వంటవాళ్ళు పేకాడుకునేవాళ్ళు. 1963లో, ఇదే ఆఖరి ప్రయాణమనీ, రేవు చేరగానే ఓడని ముక్కలు కోసి ఇనుముకి అమ్మేస్తారనీ చెప్పారు. అంటే హెస్టర్‌కి మిగిలింది ఐదు మధ్యాహ్నాలు. నాలుగు ఉత్తినే గడిచిపోయాయి.

ఐదో రోజు పొగమంచు. అలాంటిలాంటి మంచు కాదు, పైమేడ మీద పర్సీ మాంసం చారు కప్పు చేత్తో చాపితే తన మోచెయ్యి తనకే కనపడక, కప్పు పట్టుకున్నది వేరే ఎవరి చెయ్యో అనుకుని మర్యాదగా పక్కకి తప్పుకున్నాడట. పదకొండున్నరకి అతను కిందికి దిగొచ్చాడు.

"హెస్టర్, ఇవాళ నువ్విక్కడుండద్దు. పైకి రా. ఆఖరి రోజైనా నాతో కూర్చో."

"డాల్ఫిన్లున్నాయా?" అంది హెస్టర్.

పాపం, ముసలాడి మొహం మాడిపోయింది. అయినా పోలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

ఇక్కడినుంచి నేనేదీ పెంచి చెప్పటం లేదు. పెంచాల్సిన అవసరం లేదు.

పన్నెండుకి నిమిషం ఉందనగా నలభై ఏడు బిళ్ళ పడింది. ఆ గదికి తాళం. తీగలు కూడా కోసేశారు. గంట మోగుతూనే ఉంది.

కూత పడింది.

"వస్తున్నానమ్మా!" అంది హెస్టర్.

పర్సీ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. అక్కడ చెయ్యి లేదు.

ముందుగా ఆగింది అడుగున ఇంజన్ల చప్పుడు. ముప్ఫై ఏళ్ళుగా అరికాళ్ళలో ఉన్న అదురు... ఒక్కసారిగా లేదు. తరవాత వాసన వచ్చింది. కాచిన ఉప్పునీళ్ళ వాసన, వయొలెట్ పూల పౌడరు వాసన, వాటి కింద ఇంకేదో తడి వాసన, చాలాకాలంగా మూసిపెట్టిన పెట్టె తెరిచినట్టు. వరండాలో దీపాలన్నీ వెలుగుతున్నాయి. తాళాలు పడ్డ ప్రతి గది ముందూ జోళ్ళు. వరసగా. కొన్ని పాతకాలం నాటివి. అన్నీ తడిగా ఉన్నాయి.

తలుపుల వెనక మనుషులున్నారు. మాట్లాడరు. తలుపుకి మొహం ఆనించి ఊపిరి పీలుస్తున్నారు...

వరండా చివరినుంచి ఒక పిల్ల ట్రే పట్టుకుని గబగబా నడిచొస్తోంది. నల్ల గౌను, గంజి పెట్టిన తెల్ల టోపీ. నలభై ఏడు ముందు ట్రే పెట్టింది. వెంటనే గోడవైపు తిరిగి కళ్ళు గట్టిగా మూసుకుంది. తలుపు కిర్రుమంది. కప్పు సాసరు మీద కదిలింది. మళ్ళీ కిర్రుమంది. పిల్ల కళ్ళు తెరిచింది. కప్పు ఖాళీ.

"లాటీ..."

పిల్ల ఉలిక్కిపడి, అంతలోనే మొహాన నవ్వు పులుముకుంది. "అమ్మగారూ, ఇటు ప్రయాణికులు రాకూడదండీ. మీ గది ఎటువైపు?"

"నేనేనే. హెస్టర్‌ని."

"మా అక్కకి ఇరవై ఏడేళ్ళమ్మా," అంది లాటీ మర్యాదగా. "ఇప్పుడే వస్తుంది. ఐదు నిమిషాలంది."

హెస్టర్ చొక్కా చెయ్యి పైకి లాగి మణికట్టు చూపించింది. చిన్నప్పుడు ఇస్త్రీపెట్టె తగిలి కాలిన మచ్చ. తగిలించింది లాటీయే. లాటీ ఆ మచ్చ చూసింది. నెరిసిన జుట్టు చూసింది. చాలాసేపు చూసింది.

"ఎంతసేపు కబుర్లు చెప్పావే!" అంది.

ఇద్దరూ ఏడ్చారో నవ్వారో వాళ్ళకే తెలీదు. హెస్టర్ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. చల్లగా, తడిగా ఉంది. "పద, పోదాం. బయట ఆ కూత ఆగేలోగా బయటపడాలి."

నాలుగడుగులు వేశారో లేదో... టీ గదిలోంచి టక్, టక్, టక్. బోర్డు మీద బిళ్ళలన్నీ పడుతున్నాయి. గంటలన్నీ ఒక్కసారి మోగాయి. వరండా పొడుగునా తలుపుల పిడులు తిరుగుతున్నాయి. నెమ్మదిగా. అన్నీ ఒకేవైపుకి.

"బోర్డు దగ్గర ఎవరూ లేకపోతే వాళ్ళే బయటికొస్తారక్కా," అని గుసగుసలాడింది లాటీ. "ఒకసారి కాస్త ఆలస్యం చేశాను. ఒక్క తలుపు... ఇంత తెరుచుకుంది."

"ఏం కనిపించిందే?"

లాటీ తాళాల గుత్తి ఉన్న చెయ్యి ముందుకి చాపింది. పూర్తిగా కాదు. సగం.

హెస్టర్ ఆ చేతిని చూసింది. ముప్ఫై రెండేళ్ళు ఆమె ఎదురుచూసింది ఈ చెయ్యి కోసమే. మిగతా సగం ఆమే చెయ్యి చాపి గుత్తి అందుకుంది.

"బోర్డు నాది," అంది.

పిడులు ఆగిపోయాయి.

"బోర్డు నీది," అంది లాటీ. వద్దని ఒక్కసారైనా అనలేదు చూడు, అదీ పడుచుతనం! "ఐదు నిమిషాలే అక్కా. కూత పడేలోగా వచ్చేస్తా."

టీ గది తలుపు దగ్గర పర్సీ నిలబడే ఉన్నాడు. అతనికి ఒక్క కూత, ఒక్క రెప్పపాటు. గోడ మీద ముల్లు పన్నెండునుంచి ఒంటిగంటకి గెంతింది. ఎదురుగా హెస్టర్ లేదు. ఇరవై నాలుగేళ్ళ లాటీ ఉంది, పాతకాలం నల్ల గౌనులో, చేతిలో ఒక కప్పు టీతో. పర్సీ కొయ్యబారిపోయి పడ్డాడు. మూడేళ్ళదాకా అతనికి మాట రాలేదు. వచ్చాక మొదటి మాట, "డాల్ఫిన్లు లేవు" అని.

ఓడని ముక్కలు చేశారు. కానీ గంటని ముక్కలు చెయ్యలేరుగా. అది ఓడది కాదమ్మాయ్, ఆ దారిది. ఆ దారిన ఇంకా ఒక్క ఓడ తిరుగుతోంది, అదే నువ్వెక్కేది. దాంట్లోనూ తిరుగు ప్రయాణంలో పన్నెండు కాగానే ఒంటిగంట. పోయినేడు దాంట్లో పనిచేసే ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి చెప్పింది, మధ్యాహ్నం కూత పడేటప్పుడు ఎక్కడో పాతకాలం గంట మోగుతుందట. ఎవరో ముసలామె గొంతు "వస్తున్నానమ్మా" అంటుందట. ఎంత ఓపిగ్గా అంటుందో!

నువ్వే వెళ్ళొచ్చుగా అంటావా? ఎలా వెళ్ళను తల్లీ, మోకాళ్ళు చూశావా నావి? వాన పడితే ఫ్రాన్స్ దాకా వినిపిస్తాయి. అయినా మాట ఇచ్చాను కదా, యాభై ఏళ్ళుగా అదే గుచ్చుతోంది.

అందుకని నీకో చిన్న పని. ఇదిగో, ఈ సంచీ పట్టుకో. ఉన్ని మేజోళ్ళు, అల్లం బిస్కట్లు, అంతే. తిరిగొచ్చేటప్పుడు, ఏదో ఒక మధ్యాహ్నం, గంట వినపడగానే "వస్తున్నా" అను. సంచీ ఆవిడ చేతికియ్యి. ఆవిడ తాళాలేవో చాపుతుంది, మర్యాదకి పట్టుకో. పట్టుకుని రెండంటే రెండు మాటలను: "బోర్డు నాది." అది మా వాళ్ళ పలకరింపులే, ఇంకేం లేదు. ఐదు నిమిషాల పని.

ఆ కప్పు అక్కడే ఉంచు, నేను కడుగుతాను. చూశావా, ఇంత కథ అయినా ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. ఇక బయల్దేరు, సంచీ మాత్రం మరిచిపోకు.