ఫ్యూజు తీసినవాళ్లే పెట్టాలి

జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో వీధి చివరి ఇంట్లో పొద్దున్నే వంటకు కూర్చున్న సన్యాసమ్మను కొత్తవాళ్లెవరైనా చూస్తే, ఈ ఇల్లాలు వంట చేస్తోందా, కొలిమి దగ్గర డ్యూటీ చేస్తోందా అని తికమక పడతారు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు కళ్లకు కంపెనీ ఇచ్చిన కళ్లద్దాలు పెట్టుకుంటుంది. పక్కలకు కూడా తొడుగులున్న రకం అవి. అన్నం గిన్నె దించాలంటే మోచేతి దాకా వచ్చే తోలు చేతిజోళ్లు తొడుక్కుంటుంది. ఉట్టి మీద పసుపురంగు హెల్మెట్టు వెల్లకిలా కూర్చుని, నిండా వెల్లుల్లిపాయలు మోస్తూ ఉంటుంది.

ఇవన్నీ ఆవిడ భర్త అప్పలసూరి ఆస్తి. రోలింగు మిల్లులో ముప్పై ఏళ్లు చేసి కిందటేడాది రిటైరయ్యాడు. మిల్లులో అతని చాదస్తం అందరికీ తెలుసు. బూటు తాడు ఊడి ఉంటే పనివాణ్ణి అక్కడే ఆపేసేవాడు. చొక్కా చేతులకు బొత్తాం పెట్టుకోకుండా వస్తే ఇంజనీరు గారినైనా మిషన్ల ముందు గీసిన పచ్చ గీత దాటనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి సాక్చీ బజారులో పాత మోటారు ఒకటి కొనుక్కొచ్చి వెనక వసారాలో రంపపు బల్ల కట్టుకున్నాడు. బల్ల మధ్య సన్నటి చీలిక, అందులోంచి పైకి లేచి పళ్లు ఇకిలిస్తూ తిరిగే చక్రం. దాని మీద మూత లేదు, పక్కన చెక్కను ముందుకు నెట్టే తోపుడు కర్ర లేదు. దాని ముందు గళ్ల లుంగీతో, మెడలో తువ్వాలుతో, చెప్పులైనా లేని కాళ్లతో నిలబడి, ఎక్కడెక్కడి చెక్కలూ చీల్చేస్తున్నాడు.

చవితి దగ్గర పడింది. జంషెడ్‌పూర్ బజారులో వినాయకుడు దొరుకుతాడు, పత్రి దొరుకుతుంది, పాలవెల్లి మాత్రం దొరకదు. దేవుడి నెత్తిమీద ఆ సన్నకర్రల చట్రం వేలాడదీసి, మొక్కజొన్న పొత్తులూ పళ్లూ కట్టకపోతే మనవాళ్లకు పండగ చేసినట్టుండదు. పక్కింటి బీహారీవాళ్లకూ ఎదురింటి బెంగాలీవాళ్లకూ ఆ గొడవే లేదు. అందుకని కాలనీలో తెలుగువాళ్లంతా వచ్చి అప్పలసూరికి పురమాయించి పోయారు. పాలవెల్లికి కావలసినవి వేలెడు మందం కూడా లేని కర్రలు. అంత సన్నగా చీల్చాలంటే చేతి వేళ్లు ఆ చక్రానికి ముద్దు పెట్టేంత దగ్గరికి వెళ్తాయి.

ఆ చక్రం తిరిగినంతసేపూ సన్యాసమ్మ ప్రాణం ఆయన వేళ్ల చివర్లలో ఉండేది. మిల్లుకు వెళ్లే రోజుల్లో, షిఫ్టు నుంచి ఆయన వచ్చి కాళ్లూ చేతులూ కడుక్కుంటున్నప్పుడు ఆవిడ ముందు ఆ చేతులకేసి చూసి, తర్వాతే మొహం చూసేది. అన్నేళ్లూ అదే అలవాటు. అంత పెద్ద మిల్లు తిరిగి ఇచ్చేసిన చేతుల్ని ఇంట్లో పోగొట్టుకుంటే ఎవరితో చెప్పుకోవాలి?

"ఏటయ్యా, ఆ తువ్వాలు తీసి అవతలెట్టు. లాక్కుంటాది," అంది ఆ పొద్దున కూడా, వంటింట్లోంచే.

"చెమటకి."

"తోపుడు కర్ర చేసుకుంటానన్నావు. ఏదీ?"

"పాలవెల్లులయ్యాక చేత్తాను."

"ముందు ఏళ్లు పోయాక కర్ర దేనికి, ఈపు గోక్కోడానికా?"

కాలేజీకి వెళ్లబోతూ కూతురు జానకి వసారాలోకి తొంగి చూసింది. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్ల, పెద్దవాళ్లు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. "నాన్నా, పెహ్‌లే ఉంగ్లీ, ఫిర్ గణేశ్‌జీ," అంది. ముందు వేళ్లు, ఆనక వినాయకుడు అని.

"ఇది ఇల్లే, మిల్లు కాదు," అన్నాడు అప్పలసూరి. ఎవరేమన్నా అతని జవాబు అదే. ప్రమాదమనేది కంపెనీ గేటు లోపల కాపురముంటుందనీ, సాయంత్రం గేటు దాటి మన వెంట రాదనీ అతని నమ్మకం. నిజానికి ఆ ఊళ్లో చాలామందిది అదే నమ్మకం.

జానకి పోతూ పోతూ, నిన్న కొన్న గుమ్మడికాయ తెచ్చి తల్లి ముందు పెట్టింది. సన్యాసమ్మ కత్తిపీట వాల్చుకుని కూర్చుంది. వసారాలో రంపం గొంతు ఉన్నట్టుండి మారింది. మూలిగింది, గీపెట్టింది. తర్వాత ఏదో ఈలేసుకుంటూ గుమ్మంలోంచి వచ్చి టప్పుమంది.

గుమ్మడికాయలో పాలవెల్లి కర్ర నిలువునా దిగి ఉంది. ఇంకా వణుకుతోంది. అది దిగిన చోటికీ సన్యాసమ్మ మోకాలికీ మధ్య ఒక పిడికిలి పట్టేంత చోటుంది.

జానకి గుమ్మంలోంచి పుస్తకాలతో సహా వెనక్కి పరిగెత్తుకొచ్చింది. అప్పలసూరి వసారా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చక్రానికీ, కర్రను ఆనించే పక్క పట్టీకీ మధ్య ఇరుక్కున్న సన్నకర్రను రంపం వెనక్కి విసిరికొట్టింది. ఆ కర్ర దారిలో అతని లుంగీని కూడా పలకరించి వచ్చింది. తొడ పక్కన పడిన చిల్లులోంచి వసారా వెలుగు కనిపిస్తోంది. అతను పెళ్లాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు, గుమ్మడికాయను చూశాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

"కర్ర మంచిదే. ఇరగనేదు."

ఆ మాట అనకుండా ఉండవలసింది. సన్యాసమ్మ లేచింది. కళ్లద్దాలు తీసి గూట్లో పెట్టింది. పీట ఒకటి పట్టుకుని మీటరు బోర్డు దగ్గరికి నడిచి, పీట ఎక్కి, మెయిను ఆపి, తెల్లటి పింగాణీ ఫ్యూజును ఊడబెరికింది. వసారాలో చక్రం ఉసూరుమంటూ తిరిగి తిరిగి ఆగింది. ఫ్యూజును చీర కొంగున ముడేసుకుని, ముడి మీద ఇంకో ముడి వేసి, బొడ్లో దోపుకుని, వచ్చి గుమ్మడికాయ ముందు కూర్చుంది.

ఇల్లంతటికీ ఆ ఫ్యూజు ఒక్కటే. ఫ్యాను ఆగింది, రేడియో ఆగింది. భాద్రపదం ఉక్క, గాలి ఆకు కదిలేంత కూడా లేదు. జానకి ఆ పూటకు కాలేజీ మానేసి విసనకర్ర పట్టుకుంది. తండ్రికి రెండు ఊపులు, తల్లికి రెండు ఊపులు, ఎవరి పక్షమూ కాకుండా విసిరింది.

మధ్యాహ్నం నాలుగిళ్ల అవతలుండే గోవిందరావు తన పాలవెల్లి అయిందో లేదో కనుక్కుందామని వచ్చాడు. సంగతి విని, గొంతు తగ్గించి, "అన్నా, మా ఇంట్లో ఒక ఫ్యూజున్నాది. అట్టుకొత్తాను," అన్నాడు.

"దూస్రా ఫ్యూజ్ తో డ్రాయర్ మే హీ హై, నాన్నా," అంది జానకి. ఇంకొకటి ఇంట్లోనే, సొరుగులోనే ఉందన్న మాట.

"ఉంటే ఉండనీ," అన్నాడు అప్పలసూరి. "దాన్ని ముట్టుకోకు. మిల్లులో మిషను కడుపులోకి రిపేరుకి దిగీవోడు ముందు ఫ్యూజు తీసి జేబులో ఏసుకుంటాడు. ఆడు బయటికొచ్చి ఆడి చేత్తో ఆడు పెట్టాలి. మేనేజరొచ్చి నెత్తిమీద నిలబడినా ఇంకోడు పెట్టకూడదు. ఫ్యూజు జేబులో ఉన్నోడి ప్రాణం అది. తీసినోలే పెట్టాలి. అది రూలు."

"ఇది ఇల్లు కదా అన్నా, మిల్లు కాదు కదా," అన్నాడు గోవిందరావు, పాపం సాయం చేద్దామనే.

ఆ మాట తన నోటికి తప్ప ఇంకెవరి నోటికీ నప్పదని అప్పలసూరికి అప్పుడే తెలిసినట్టుంది. మొహం పక్కకు తిప్పుకున్నాడు. వంటింట్లోంచి సన్యాసమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. గోవిందరావు తన చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కుని, రేపు వస్తానని చెప్పి జారుకున్నాడు.

"అయితే రూలు తెలుసన్నమాట," అంది సన్యాసమ్మ.

"తెలీకేటి?"

"తువ్వాలు రూలు?"

"తెలుసు."

"కర్ర ఎగిరొచ్చీ దారిలో నిలబడకూడదని?"

"అదీ తెలుసు. పక్కకి నిలబడాల. చక్రం మీద మూతుండాల. స్విచ్చి చేతికి అందాల. చెక్కపేడు ఇరుక్కుంటే మోటారు ఆగినాకే తియ్యాల." అప్పలసూరి పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "నానే కదా కుర్రోళ్లకి నేర్పినాను."

"ఊరందరి పిల్లలికీ నేర్పినావు. ఆలందరి ఏళ్లూ ఆలకున్నాయి. నీ ఏళ్లేటి, నీకు బరువయిపోనాయా? ఇన్నేళ్లు నీ చేతులు చూసుకునే అన్నం తిన్నాను నాను. అంత తెలిసినోడివి ఇంట్లో ఎందుకయ్యా ఇలగ చేత్తన్నావు? ఆ బూట్లున్నాయి, ఖాకీ డ్రెస్సున్నాది, కళ్లద్దాలున్నాయి. ఒక్కనాడు ఏసుకున్నావా?"

అప్పలసూరి లుంగీ చిల్లులోకి వేలు దూర్చి చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ చిల్లు నుంచి కళ్లెత్తకుండానే అన్నాడు.

"ఒక్కనాడు ఏసుకున్నాను. నువ్వు నవ్వినావు."

సన్యాసమ్మకు వెంటనే గుర్తు రాలేదు. తర్వాత గుర్తొచ్చింది, వచ్చాక ఇక పోలేదు. రిటైరైన మర్నాడు పొద్దున మిల్లు సైరను మోగింది. అలవాటు కొద్దీ ఆయన లేచి, ఖాకీ బట్టలు వేసుకుని, బెల్టు బిగించి, బూట్ల తాళ్లు కట్టుకుని, నిలబడ్డాడు. ఎక్కడికీ వెళ్లనవసరం లేదని అప్పుడు జ్ఞాపకం వచ్చింది కాబోలు, అలాగే గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. "ఎక్కడికయ్యా, గేటు కాడికా? నిన్ను రానీరు ఇంక," అంటూ తను నవ్వింది. పక్కన జానకి కూడా నవ్వింది. సరదాకే. ఆయన మంచం మీద కూర్చుని బూట్లు విప్పేశాడు. ఆ సాయంత్రమే తను హెల్మెట్టులో వెల్లుల్లిపాయలు పోసింది.

"ఆ డ్రెస్సు ఏసుకుంటే మల్లీ నవ్వుతారని," అన్నాడు అప్పలసూరి. "మిల్లులో బొత్తాం ఊడితే అడిగీవోడుండీవోడు. ఇక్కడ అడిగీవోడేడి? నన్ను సూసీవోడే నేకపోతే బొత్తామెవుడికోసం పెట్టుకోవాల?"

"నాను సూత్తన్నాను కదయ్యా," అంది సన్యాసమ్మ. ఉల్లిపాయ ఒక్కటి కూడా లేకుండానే కళ్లు ధారలు కట్టాయి. "పొద్దున లెగిసింది మొదలు ఆ వసారాకేసి సూడ్డమే కదా నా పని. నవ్వడం నా తప్పే. ఆ నవ్వు ఇన్నాళ్లు మనసులో దాసుకుంటావని నాకేటి తెలుసు?"

జానకి విసనకర్ర కింద పెట్టేసి, మంచం కిందకు దూరి, పాత పేపర్లు కుక్కి ఉన్న బూట్లు బయటికి లాగింది. దుమ్ము దులుపుతూ, "నాన్నా, సారీ," అంది. తర్వాత ఆ పిల్లకు చాలా అరుదైన పని చేసింది. తెలుగులో మాట్లాడింది. "నేను కూడా నవ్వినాను. ఇంక నవ్వను."

ఆ సాయంత్రం అప్పలసూరి చేతిరంపంతో ముందు తోపుడు కర్ర చేశాడు. పాత రేకు వంచి చక్రం మీదికి మూత బిగించాడు. సన్యాసమ్మ వంటిల్లు ఖాళీ చేసి, కంపెనీ సామానంతా తెచ్చి మంచం మీద పరిచింది. అతను కళ్లద్దాలు ఒక్కటే తీసుకున్నాడు. హెల్మెట్టు ఈ పనికి అక్కర్లేదన్నాడు. చేతిజోళ్లు తీసి ఆవిడ చేతికే ఇచ్చాడు.

"తిరిగీ యంత్రం కాడ చేతిజోడు ఏసుకోకూడదే. రంపం పన్నుకి తోలు దొరికిందంటే చెయ్యంతా లోపలికి లాక్కుంటాది. ఇయ్యి నీ గిన్నెలకే మంచివి."

"మరి ఇన్నాళ్లు చేతులికేటీ నేకుండా కొయ్యడం మంచిదేనా?"

"అదొక్కటే నాను సరిగ్గా చేసింది," అన్నాడు అప్పలసూరి. రోజంతా లేనిది, ఆవిడ నవ్వింది. ఈసారి అతను కూడా నవ్వాడు.

మర్నాడు సైరను మోగే వేళకు సన్యాసమ్మ టీ కాచి, టిఫిన్ క్యారియర్ కట్టి వాకిట్లో పెట్టింది. అప్పలసూరి ఖాకీ బట్టల్లో, బూట్లతో వచ్చాడు. క్యారియర్ చూశాడు. దాన్ని పట్టుకుని వీధి తలుపు గుండా బయటికి నడిచాడు. ఎదురింటి బెంగాలీ ఆయన పళ్లు తోముకుంటూ చూస్తుండగా ఇంటి చుట్టూ తిరిగి సందులోంచి వెనక గేటు దగ్గరికి చేరాడు. సన్యాసమ్మ ఇంట్లోంచి అడ్డంగా వచ్చి అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉంది. తల నుంచి బూట్ల దాకా చూసింది.

"ఎడమ చెయ్యి బొత్తాం," అంది.

అప్పలసూరి బొత్తాం పెట్టుకున్నాడు. అప్పుడు గేటు తీసింది. ఫ్యూజు అడగడానికి అతను చెయ్యి చాపలేదు, ఆవిడా ఇవ్వలేదు. మీటరు బోర్డు కింద పీట వేసుకుని, కొంగు ముడి విప్పి, తన చేత్తో తనే పెట్టి, మెయిను వేసింది. వసారాలో మోటారు అందుకుంది.

కాసేపటికి గోవిందరావు వీధి గుమ్మంలోకి వచ్చాడు. వెనకనుంచి రంపం మోత ఇల్లంతా వినిపిస్తోంది.

"అన్న ఉన్నాడేటి వదినా?"

"నేరు," అంది సన్యాసమ్మ తొణక్కుండా. "డూటీకెల్లినారు."

గోవిందరావు ఆ మోత విన్నాడు. ఆవిడ మొహం చూశాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగి, చెప్పులు విడిచి అరుగు మీద చతికిలబడ్డాడు.

"మరైతే షిఫ్టు దిగీదాకా కూకుంటాను," అన్నాడు.

సన్యాసమ్మ లోపలికి వెళ్లి అతనికి టీ తెచ్చి ఇచ్చింది.