ఎత్తి పోసుకున్న గుక్క

“మళ్లీ ఎత్తారు,” అంది అరుంధతి.

దశరథ్ గ్లాసు దించాడు. లోదీ గార్డెన్ బెంచీ మీద వాళ్లిద్దరి మధ్య ఒక ఫ్లాస్కు ఉంది. అందులో చల్లారిన టీ. రంగు సరిపోతుందని ఆమే ఇంటి నుంచి తెచ్చింది.

“పెదవి ఆనిస్తే ఎంగిలి కదా. మా అమ్మ చూస్తే ఇంట్లోకి రానివ్వదు.”

“విస్కీ తాగితే రానిస్తుందా?”

“ఆ సంగతి మీ నాన్నగారిని అడుగు.”

“అచ్ఛా, మాటలు తర్వాత. ముందు వాసన చూడాలి. తర్వాత చిన్న గుక్క. ఏమనిపించిందని నాన్న అడిగితే ఓక్ చెక్క, నారింజ తొక్క అనండి. పుస్తకంలో చూశాను.”

“నారింజ తొక్క,” అన్నాడు దశరథ్, లెక్కల మాస్టారికి ఎక్కం అప్పజెప్పినట్టు.

అరుంధతికి నవ్వు రాలేదు. ఆర్థికశాఖలో పనిచేసే ఆమె తండ్రి భీమేశ్వరరావు బీరువాలో పదేళ్లుగా ఒక స్కాచ్ సీసా ఉంది. షెర్రీ అనే ద్రాక్షసారా నిలవచేసిన పీపాలో పాతికేళ్లు ఊరిన విస్కీ అట. పిల్ల పెళ్లి మాట వచ్చినప్పుడే దాన్ని తీయాలనేది తల్లి అన్నపూర్ణేశ్వరి. ఆమె పోయి ఏడాది దాటింది.

“ఆదివారం ఆ అబ్బాయిని రమ్మను. మంచి వస్తువును మనిషి ఎలా అందుకుంటాడో చూస్తే నాకు చాలు,” అన్నాడు తండ్రి. నచ్చకపోతే సీసాతోపాటు పెళ్లి మాటకూ మూత పడుతుందని ఆమెకు తెలుసు.

ఆదివారం సాయంత్రం సరోజినీ నగర్ క్వార్టర్‌లో సీసా మూత తీశారు. గది నిండా ఏదో తీపి వాసన పరుచుకుంది. రెండు గ్లాసుల్లో రెండు వేళ్ల మందం పోశాడు భీమేశ్వరరావు.

“తీసుకో బాబూ.”

దశరథ్ గ్లాసు అందుకున్నాడు. ఆ కంగారులో పాఠమంతా పోయింది. తల వెనక్కి వంచి, గ్లాసు జానెడు ఎత్తున పట్టి, అంతా గొంతులో పోసుకున్నాడు. ఆపైన దగ్గు. కళ్ల వెంట నీళ్లు.

వంటింటి గుమ్మంలో అరుంధతి కళ్లు మూసుకుంది.

“ఏమనిపించింది?” అన్నాడు భీమేశ్వరరావు.

“మంట సార్. మరేం తెలియలేదు.” నాలుక చప్పరించాడు. “ఇప్పుడు తెలుస్తోంది. నేతిలో వేయించిన కిస్‌మిస్ లాగా ఉంది.”

భీమేశ్వరరావు సీసాను చేతిలోకి తీసుకున్నాడు.

“పెళ్లైన కొత్తలో మా ఆవిణ్ణి ఆఫీసర్ల విందుకు తీసుకెళ్లాను,” అన్నాడు. “షర్బత్ ఇచ్చారు. నీలాగే ఎత్తి తాగింది. అందరూ చూశారు. దారిలో నేను కోప్పడ్డాను. మళ్లీ ఏ విందుకూ రాలేదు.”

ఆయన తన గ్లాసు వైపు చూశాడు.

“ఆ పూట నేనూ ఎత్తి తాగి ఉంటే సరిపోయేది.”

పాతికేళ్ల విస్కీని జానెడు ఎత్తు నుంచి గొంతులో పోసుకున్నాడు భీమేశ్వరరావు. ఆయనకీ దగ్గు వచ్చింది. దగ్గులోంచి నవ్వు వచ్చింది. ఏడాదిగా ఆ ఇంట్లో వినపడని నవ్వు.

“కిస్‌మిసే. సరిగ్గా చెప్పావు,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “అమ్మాయ్, ఇంకో గ్లాసు పట్రా. ఈ వారంలోనే వీళ్ల అమ్మగారికి ఉత్తరం రాస్తాను.”

అరుంధతి గ్లాసు తెచ్చింది. అడుగున ఒక చెంచాడు పోశాడు తండ్రి.

“ముందు వాసన చూడాలి,” అన్నాడు దశరథ్ మెల్లగా. “తర్వాత చిన్న గుక్క.”

ఆమె అతని వైపు చూస్తూనే గ్లాసు జానెడు ఎత్తింది.