ఆగిన చోటి నుంచి

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. దేవీప్రసాద్‌ది ఆ రెండో దారి. లోకమంతా సినిమాలు ఫోన్లో చూసుకుని బతికేస్తున్న రోజుల్లో అతనికి మాత్రం బ్లూరే డిస్కే కావాలి. నెట్టులో వచ్చే సౌండు పిండేసిన చింతపండు లాంటిదని, పిప్పి తప్ప పులుపుండదని ఎదురుపడిన ప్రతివాడికీ చెప్పేవాడు. వినేవాళ్ళు తలాడించి తప్పుకునేవారు.

పోర్టుకొచ్చే ఓడలకి సరుకులందించే ఆఫీసులో అతని ఉద్యోగం. ఓడల మీది మనుషులతో స్నేహం పెంచుకునేవాడు. వాళ్ళు చూసేసిన డిస్కులు ఇచ్చిపోయేవారు. కొరియావి, జపాన్‌వి, అమెరికావి. పదిహేనేళ్ళలో రెండు బీరువాలు నిండాయి. బ్లూరే డిస్కులకీ వీసాల గొడవ ఉంటుంది, ఒక దేశం డిస్కు ఇంకో దేశం ప్లేయర్లో ఆడదు. అందుకే కొత్త ప్లేయరు కొనడానికి పెద్ద షోరూములన్నీ తిరిగి, చివరికి వన్ టౌన్‌లో తన ఇంటికి నాలుగు సందుల అవతలున్న పైడయ్య కొట్టుకే వచ్చాడు.

"ఏటి బావా, ఇంకా డిస్కులేటి? ప్లేయరని నా కొట్టుకొచ్చీవోడివి నువ్వొక్కడివే," అన్నాడు పైడయ్య.

"అన్ని దేశాల డిస్కులూ ఆడాల. అలాంటిదుంటే తియ్యి."

పైడయ్య మూడు పెట్టెలు దించాడు. మొదటిది మరీ పల్చన, గీత పడిన డిస్కు పెడితే నోరు తెరిచేస్తుందట. రెండోది బొమ్మ బ్రహ్మాండం, కానీ మన దేశం డిస్కులు తప్ప ముట్టదు. మూడోదాన్ని రెండు చేతుల్తో ఎత్తి బల్ల మీద పెట్టాడు. సింగపూరు నుంచి వచ్చిందట. సీలు కూడా తియ్యలేదు.

"బరువు సూడు. ఇంత బరువుంటే లోపల డిస్కు తిరిగినా సప్పుడు బయటికి రాదు. ఏ దేశం డిస్కయినా ఆడతాది. దీనికి తగ్గ గది ఉందేటి మరి?"

"ఉంది. రెండడుగుల గోడలు. సౌండు గుమ్మం దాటదు."

పెట్టె మీది దుమ్ము తుడుస్తున్న పైడయ్య చెయ్యి ఆగిపోయింది. "అమ్మ గదా? ఆర్నెల్లయిపోనాయా?"

"అయిపోవచ్చింది," అన్నాడు దేవీప్రసాద్.

తల్లి సన్యాసమ్మ జూన్‌లో పోయింది. ధనిష్ఠా నక్షత్రంలో పోయిందని, ఇల్లు ఆర్నెల్లు పాడు పెట్టాలని పంతులుగారు చెప్పారు. ఉన్న ఒక్క ఇల్లూ వదిలి ఎక్కడికి పోతారు? కనీసం ప్రాణం పోయిన గదికైనా తాళం వేసి, గడువు తీరేదాకా గడప తొక్కొద్దన్నారు. దేవీప్రసాద్ తన చేత్తోనే తాళం వేశాడు.

ఆమె నిద్రలో పోయిందని అందరికీ తెలుసు. అలా కాదని ఒక్క దేవీప్రసాద్‌కే తెలుసు.

ఆ రోజు భార్య నీలిమ చుట్టాల పెళ్ళికి అనకాపల్లి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అత్త పిలిస్తే లేచెళ్ళు. కూకున్న సోటినుంచి కేకేసి ఊరుకోకు," అని మరీ చెప్పింది. మధ్యాహ్నం అతను హాల్లో సినిమా పెట్టుకున్నాడు. కొరియా సినిమా. కథ చివరికొచ్చింది, డప్పుల మోతతో యుద్ధం మొదలైంది. లోపల్నుంచి, "పెసాదూ..." అని పిలుపు. తల్లి నోటికి ప్రసాద్ ఎప్పుడూ పెసాదే.

"ఆఁ, వత్తన్నానమ్మా. ఇంకో పది నిమిషాలు," అన్నాడు.

మళ్ళీ పిలిచింది. అతను సౌండు రెండు పాయింట్లు పెంచాడు. మూడోసారి పిలుపు సన్నగా వచ్చింది. నాలుగోసారి ఇంకా సన్నగా. ఆ తర్వాత రాలేదు. పిలుపు ఆగాక గానీ అతనికి సినిమా ఆపాలనిపించలేదు. పది నిమిషాలన్నది ఉత్తమాటే, ఆపేసరికి తెర మీద ఇంకా పది నిమిషాలు మిగిలే ఉన్నాయి. వెళ్ళి చూస్తే ఆమె చెయ్యి మంచం దిగి గుమ్మం వైపు చాపి ఉంది. ఆ చెయ్యి తీసి గుండెల మీద పెట్టి, దుప్పటి సర్ది, అప్పుడు అందరికీ ఫోన్లు చేశాడు.

"అదృష్టవంతురాలు. ఎవర్నీ పిలవకుండానే ఎల్లిపోయింది," అని ఏడ్చింది నీలిమ. ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగి ఉండిపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడే పాత ప్లేయర్ని పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. అప్పట్నుంచీ నిశ్శబ్దం అతనికి పడదు. చలికాలంలో కూడా ఫ్యాను తిరగాలి, వంటింట్లో రేడియో మోగాలి. ఎవరు పిలిచినా ఒక్క పిలుపుకే లేచేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. మందపు గోడల గదిలో ఆరు స్పీకర్లు చుట్టూ పెట్టుకుని కూర్చుంటే ఇంక ఏ పిలుపూ వినబడదని అతని ఆశ. ఈ ఆశ గురించి నీలిమకి చెప్పలేదు, చెబితే కారణం కూడా చెప్పాల్సొస్తుంది.

మార్గశిర మాసం, గురువారం. గడువింకా పంతొమ్మిది రోజులుంది. పైడయ్యేమో మర్నాడు అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పనికి పోతున్నాడు, రెండు నెలలదాకా దొరకడు.

"పంతొమ్మిది రోజులు ఆగలేవా?" అంది నీలిమ కనకమహాలక్ష్మి గుడికి బయల్దేరుతూ. "నాను తిరిగొచ్చీసరికి ఆ తాళం అలాగే ఉండాల."

ఆమె సందు మలుపు తిరిగిందో లేదో పైడయ్య పెట్టెల్తో దిగాడు.

మధ్యాహ్నం రెండు. తాళం తుప్పు పట్టి మొరాయించింది. తలుపు తియ్యగానే లోపలి గాలి మొహానికి కొట్టింది. నొప్పుల బామ్ వాసన. దాని వెనక అమ్మ నమిలే తమలపాకు వాసన. ఆర్నెల్లు మూసిన గదిలో తమలపాకు వాసనేమిటో అతను ఆలోచించదల్చుకోలేదు. కిటికీ బిగించే ఉన్నా పోర్టు బొగ్గుధూళి ఎలా దూరిందో, నేలంతా నల్లగా పేరుకుంది. నడిమధ్యన మాత్రం మనిషి పొడుగున ఇప్పుడే తడిగుడ్డ పెట్టినట్టు శుభ్రంగా ఉంది.

"ఇక్కడేటి, ఇంత నున్నగుంది?" అన్నాడు పైడయ్య.

"మంచముండే సోటు." మంచాన్ని గది మూయకముందే ఇచ్చేశారని దేవీప్రసాద్‌కి గుర్తుంది. ఆ మాట బయటికి అనలేదు.

తుడిచారు. నల్ల కర్టెన్లు కట్టారు. ఎండ పోయింది, మధ్యాహ్నమే చీకటి పడింది. ఎదురుగా టీవీ, దాని కింద కొత్త ప్లేయరు, స్పీకర్లని నడిపే యాంపు, చుట్టూ ఆరు స్పీకర్లు. పైడయ్య టేపుతో నాలుగు వైపులా కొలిచి, నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. "సరిగ్గా ఇక్కడ కూకోవాల బావా. అంగుళం అటూ ఇటూ అవకూడదు." ఆ గుర్తు ఆ నున్నటి చోటే పడింది. అక్కడే కుర్చీ వేశారు.

ఏదో ఒక డిస్కు తెమ్మంటే దేవీప్రసాద్ బీరువాలోకి చెయ్యి పెట్టాడు. చేతికి ఆ రోజు ఆపేసిన కొరియా సినిమాయే వచ్చింది. తిరిగి పెట్టేద్దామనుకునేలోపు పైడయ్య అందుకుని ప్లేయర్లో వేసేశాడు. తెర మీద అక్షరాలు వెలిగాయి. ఆగిన చోటి నుంచి చూస్తారా అని అడుగుతోంది. మిగిలిన సమయం, పది నిమిషాలు.

"ఇప్పుడే కదా సీలు తీసేను. ఎక్కడ ఆగిందో దీనికెలా తెలుస్తాది?" పైడయ్య రిమోటు తిప్పి చూశాడు. "డిస్కులోనే రాసుంటాదేమో లే."

దేవీప్రసాద్ తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. "ముందు సౌండు సెట్ సెయ్యి," అన్నాడు.

యాంపుతో ఒక చిన్న మైకు వస్తుంది. దాన్ని కుర్చీలో, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో నిలబెట్టాలి. అందరూ బయటికెళ్ళి తలుపు వేసుకోవాలి. ఒక్కో స్పీకరూ కూత పెడుతుంది, మైకు వింటుంది, ఏది ఎంత దూరంలో ఉందో యాంపే కనిపెడుతుంది. షరతు ఒక్కటే. గదిలో చీమ చిటుక్కుమనకూడదు.

ఫ్యాను ఆపారు. రేడియో ఆపారు. ఫ్రిజ్ కూడా ఆపారు. ఆర్నెల్ల తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి నిశ్శబ్దం దిగింది. దేవీప్రసాద్ హాల్లో నిలబడి గోళ్ళు కొరుక్కున్నాడు. లోపల కూతలు మొదలై, రెండోదానికే ఆగిపోయాయి.

పైడయ్య తలుపు తీసి తెర చూశాడు. "గదిలో సప్పుడెక్కువుందంటాంది. ఏ సప్పుడు?"

మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే. మూడోసారి చివరిదాకా నడిచింది. పైడయ్య లోపలికెళ్ళి లెక్కలు చదువుతూ, ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు.

"బావా... ఆరు పెట్టాం కదా."

"ఆరే."

"ఏడు సూపిత్తాంది. ఏడోది... మైకుకి జానెడు దూరంలో."

ఇద్దరూ కుర్చీ వైపు చూశారు. మైకు ఒక్కటే ఉంది.

పైడయ్య సామాన్ల సంచి భుజాన వేసుకున్నాడు. సుద్దముక్క అక్కడే వదిలేశాడు. "తొందరపడ్డావు బావా," అన్నాడు మెల్లిగా. "తాళం ఏసీ. గడువయ్యాక సూద్దాం." గుమ్మం దాటాక వెనక్కి చూడలేదు.

దేవీప్రసాద్ తాళం వెయ్యడానికే వెళ్ళాడు. నిజానికి తాళం చేతిలోనే ఉంది. కానీ తెర మీద ఆ అక్షరాలు మళ్ళీ వెలుగుతున్నాయి. ఆగిన చోటి నుంచి చూస్తారా? ఆ పది నిమిషాలూ ఇవాళ చూసేస్తే పీడ వదిలిపోతుందేమో అనిపించింది. తాళాన్ని హాల్లో బల్ల మీద పెట్టి లోపలికొచ్చాడు. మైకు కింద పడేసి కుర్చీలో కూర్చుని, సౌండు పూర్తిగా పెంచి, నొక్కాడు.

బొమ్మ కదిలింది. యుద్ధం. డప్పులు కొడుతున్నారు, చేతులు లేస్తున్నాయి, పడుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. ఆరు స్పీకర్లలో ఒక్కటీ పలకలేదు.

వెనక తలుపు మూసుకుంది. నెమ్మదిగా. రెండడుగుల గోడల మధ్య... తన ఊపిరి తప్ప ఏమీ లేదు.

తన ఊపిరొక్కటేనా?

బామ్ వాసన చెవి పక్కకొచ్చింది. జానెడు దూరం.

"పెసాదూ..."

లేవబోయాడు. గుండెల మీద ఎవరో బొగ్గు బస్తా దించినట్టయింది. కుర్చీలోంచి జారి నేల మీద పడ్డాడు. నున్నటి చోటు... అతని పొడుగుకి సరిగ్గా సరిపోయింది. కాళ్ళు కదల్లేదు. ఒక్క చెయ్యే కదిలింది. దాన్ని గుమ్మం వైపు చాపాడు.

"అమ్మా, తప్పయిపోయింది," అన్నాడు. నిజంగానే ఏడ్చాడు. ఆర్నెల్లుగా ఏడవనిదంతా అప్పుడు ఏడ్చాడు.

అప్పుడు వినిపించాయి డప్పులు. గదిలో కాదు. హాల్లో... అక్కడ టీవీ లేదు. దాన్ని ఇవాళే ఈ గదిలోకి మార్చారు. అయినా అక్కడ మోగుతున్నాయి, ఆ రోజు మోగినట్టే. తెర మీద మిగిలిన సమయం పది నిమిషాలు. ఎంతసేపు చూసినా పదే.

బయట గేటు చప్పుడైంది. నీలిమ చెప్పుల చప్పుడు. గది తలుపు దాకా వచ్చి ఆగింది. అవతల తాళం పట్టుకుని లాగి చూసిన శబ్దం, తను బల్ల మీదే వదిలేసిన తాళం.

"హమ్మయ్య. తాళం అలాగే ఉంది," అంది. "మాట విన్నావు, మంచిపని సేసేవు."

"నీలిమా..." అని పిలిచాడు. సన్నగా వచ్చింది. మళ్ళీ పిలిచాడు. ఇంకా సన్నగా వచ్చింది.

"ఇదిగో, లోపల్నుంచి ఎవరో పిలిచినట్టు లేదూ?"

హాల్లో డప్పుల మోత రెండు పాయింట్లు పెరిగింది.

"ఏటీ లేదే. సినిమాలోది," అంది అక్కడి గొంతు. అది దేవీప్రసాద్ గొంతే. "కూకో, ఇంకో పది నిమిషాల్లో అయిపోద్ది."

నీలిమ కూర్చున్నట్టు కుర్చీ కిర్రుమంది.