వెలితి పీపా

"ఆ పిల్ల పొద్దున్నే నేలమాళిగలోకి ఎందుకు దిగినట్టు? మెట్లు తడిగా ఉన్నాయి. కాలు జారిందో, ఏమైందో," అంది గిస్లేన్, కాఫీలో పాలు కలుపుతూ.

"జారితే కేకేస్తుందిలే అమ్మా," అన్నాడు కొడుకు కొరెంతాన్, రొట్టెకి వెన్న రాస్తూ. గిస్లేన్ మామగారు ఆన్సెల్మ్ తలెత్తలేదు.

కాలు జారలేదు. కొత్త కోడలు క్లోటిల్డ్ ఖాళీ కూజాతో నవ్వుతూ పైకి వచ్చింది.

"మూల పీపా ఎంత వెలితిగా ఉందో చూశారా అత్తయ్యా? పైన బూజు కూడా కట్టింది. వైన్ నిండా పోసేశాను."

గిస్లేన్ చేతిలోని పాలగిన్నె బల్ల మీద ఒలికింది.

ఫ్రాన్సులోని ఈ జూరా కొండల్లో పసుపు వైన్ పీపాని ఆరేళ్ళు ముట్టుకోరు. తగ్గేది తగ్గనిస్తారు. పైన కట్టే ఆ తెల్లటి పొరే దానికి ప్రాణం; మళ్ళీ పోస్తే అది చెదిరిపోతుంది. తెగులుకు ద్రాక్షతీగలన్నీ చచ్చిపోయినప్పుడు ఆన్సెల్మ్ వాళ్ళ తాత కొండంతా మళ్ళీ నాటాడు. ఆయన తండ్రి యుద్ధకాలంలో పీపాల ముందు గోడ కట్టి దాచాడు. ఇక ఆ మూల పీపా, ఆన్సెల్మ్ భార్య, గిస్లేన్ అత్తగారు లియోనీ పోయేముందు చివరిసారి తన చేత్తో కోసిన ద్రాక్షది.

"చెప్పులు ఎక్కడ విడవాలో అడుగుతావు. దీనికి అడగవా?" అన్నాడు కొరెంతాన్, కుర్చీలోంచి లేచి.

"మా బర్గండీలో వెలితి పీపా చూసి ఊరుకుంటే మా నాన్న అన్నం పెట్టడు. ఇక్కడ వేరే అని నువ్వు చెప్పావా? పెళ్ళికి ముందు అన్నీ చెప్పావు, నీ గురకతో సహా."

"నవ్వులాటగా ఉందా? అది మామ్మ పీపా."

 క్లోటిల్డ్ కోటు అందుకుంది.

గిస్లేన్‌కి అంతా కళ్ళముందు కదిలింది. ఈ పిల్ల ఇప్పుడు గడప దాటితే మళ్ళీ రాదు. వీడు పిలవడు. పెద్దాయన మంచం పడతాడు. ఇన్ని తరాల తోట ఎవరో పరాయివాళ్ళు కొనుక్కుంటారు. వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"రోడ్డంతా మంచు. ఎక్కడికీ వెళ్ళొద్దు. మామయ్యగారూ, తిట్టాలనుంటే తిట్టండి. మీరలా ఊరుకుంటే నాకు ఊపిరాడదు."

ఆన్సెల్మ్ రొట్టె పొడిని వేలితో పోగుచేశాడు. కొరెంతాన్ కూర్చున్నాడు. ఒలికిన పాలు బల్ల అంచు నుంచి చుక్క చుక్కగా కారి, కారి, ఆగిపోయాయి.

"లియోనీది కూడా మీ బర్గండీ వైపే," అన్నాడు పెద్దాయన చివరికి. "వెలితి పీపా ఉందంటే నిద్రపోయేది కాదు. కాస్త పోస్తే ఏం పోయిందని ఏటా నన్ను సతాయించేది." ఖాళీ కూజాని క్లోటిల్డ్ వైపు జరిపాడు. "పోసినంతా తీసెయ్యమ్మా. పొర మళ్ళీ కడుతుంది. కట్టేదాకా నేనూ ఉంటాను."